ఆదివారం వెళ్ళిపోయేవాళ్ళు

నాక్సోస్ దీవి,
ఏప్రిల్ 22, 2018

హంబీస్ మామయ్యకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోన్ చేస్తే "ఎవరూ? ఎవరూ?" అని అరిచి అరిచి పెట్టేశావు. రాళ్ళ క్వారీ నీ చెవులు రెండూ మింగేసిందని ఊరంతా ఒప్పుకున్నా నువ్వు మాత్రం ఒప్పుకోవు. అందుకని ఇకమీదట నీతో నా మాటలన్నీ కాగితం మీదే. కళ్ళయినా బాగున్నాయిగా?

విషయానికి వస్తాను. నేనీ దీవిలో సెలవులకొచ్చేవాళ్ళ కోసం గుడారాల విడిది నడుపుతున్నాను కదా. ఏథెన్స్‌లో ఉన్న మా భాగస్వాములు సైప్రస్‌లో కూడా అలాంటిది ఒకటి పెడదామంటున్నారు. చోటు నాది, గుడారాలు వాళ్ళవి. అమ్మ పొలం ఫొటో పంపించాను. మీ ఇంటి వెనక గేటు దిగితే కారబ్ చెట్లు, చెట్ల కింద సముద్రం. అది చూశాక ఇంకో చోటు వద్దన్నారు. నేను దాచుకున్నదంతా ఇందులో పెట్టాను మామయ్యా. ఇది నిలబడితే ఏటా సగం రోజులు పరాయి దీవిలో గడపక్కర్లేదు. ఇంటికి వచ్చేస్తాను.

గుడారాలంటే బళ్ళో చదివేటప్పుడు కొండ మీదికి తీసుకెళ్ళి వేయించేవారే, అలాంటివి కాదు. మంచం, పరుపు, తివాచీ, నిలువుటద్దం, స్నానాల తొట్టి, అన్నీ ఉంటాయి. మే మొదటి వారంలో లారీ వస్తుంది. ఇక్కడి పని వదిలి అక్టోబరు దాకా నేను కదల్లేను. లిమసోల్ నుంచి లెఫ్కియోస్ అని ఒకతను వచ్చి అక్కడి వ్యవహారం చూసుకుంటాడు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక కన్నేసి ఉంచడం, నీ మేకల్ని అటు పోనీకుండా చూడడం.

క్రిస్తల్లా అత్తయ్యకు నువ్వే చెప్పు. నేను చెబితే "పెళ్ళి చేసుకోవే అంటే డేరాలు వేస్తానంటావేమిటే" అంటుంది.

నీ ముద్దుల మేనకోడలు
మిరోఫోరా

*

మన ఊరు,
మే 9

మిరో తల్లీ,

నీ ఉత్తరం కంటే ముందు నీ లారీ వచ్చింది. మన తపాలావాళ్ళ కాళ్ళు నా చెవుల్లాగే పనిచేస్తున్నాయి.

కాఫీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాను. లారీ మా సందులోకి తిరిగింది. "హంబీసూ, మీ పొలంలో సర్కస్ దిగుతోందిరా. ఏనుగేదీ?" అన్నాడు కొట్టువాడు. నాకేమీ తెలియదంటే పరువు పోతుందని "ఏనుగు వెనకాల ఓడలో వస్తోంది" అని లేచి వచ్చేశాను. అప్పటినుంచి కనిపించినప్పుడల్లా ఏనుగు క్షేమసమాచారం అడుగుతున్నాడు.

డేరాలు చూశాను. తెల్లటి తివాచీ మీద బూట్లతో అడుగు పెట్టడానికి మనసొప్పక విప్పి లోపలికి వెళ్ళాను. మంచం మీద కూర్చుంటే అంత లోతుకు దిగిపోయాను, లెఫ్కియోస్ వచ్చి చెయ్యందిస్తే గాని లేవలేదు. స్నానాల తొట్టి సముద్రానికి ఎదురుగా పెట్టారు. ఎదురుగా అంత సముద్రాన్ని పెట్టుకుని తొట్టిలో కూర్చోవడమేమిటో నాకు బోధపడలేదు. ఎవరైనా కూర్చున్నప్పుడు అడుగుతాను.

మీ అత్తయ్య ఇంకా చూడలేదు. లారీలోంచి గుడ్డ చుట్టలు దించుతుంటే ఆమె వెనక వసారాలో హలూమీ జున్నుకు పాలు కాస్తోంది. ఒక్క చూపు చూసింది. లోపలికి పోయి ఆ వైపు కిటికీలన్నీ మూసేసింది. పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. మా పెళ్ళయ్యాక ఈమె చేతిలో పాలు పొంగడం నేను చూడలేదు. డెబ్బై నాలుగులో టర్కీ సైన్యం దిగి యుద్ధం వచ్చినప్పుడు ఆమె వాళ్ళు ఫమగుస్తా వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చి, చలికాలమంతా డేరాలో ఉన్నారని నీకు తెలుసుగా. పదహారేళ్ళ పిల్ల అప్పుడు. ఆ సంగతులు ఆమె మాట్లాడదు, మేం అడగం. అందుకే కిటికీలు మూసి ఉంటుంది. మూసుకోనీ. చూడ్డం ఇష్టం లేనప్పుడు కిటికీలు ఉన్నదెందుకు.

ఒకటి అడుగుతాను, నవ్వకు. ఈ వచ్చేవాళ్ళంతా ఎవరు? వాళ్ళకు ఇళ్ళు లేవా?

మీ మామయ్య
హంబీస్

*

నాక్సోస్,
మే 24

మామయ్యా,

నవ్వాను. క్షమించు. ఇక్కడ వంట చేసే ఆవిడకు చదివి వినిపిస్తే ఆవిడా నవ్వింది.

వాళ్ళకు ఇళ్ళున్నాయి. మనవాటికంటే పెద్దవే. ఏడాదంతా గోడల మధ్య ఉండి ఉండి విసుగెత్తి, గుడ్డ కింద పడుకుని సముద్రం చప్పుడు వినాలని వస్తారు. దానికి డబ్బిస్తారు. పొద్దున్నే ఎండ గుడ్డలోంచి లోపలికి దిగుతుంటే అదొక అందం. నువ్వూ ఒకసారి పడుకుని చూడు, చెవులతో పనిలేదు దానికి.

కిటికీల సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. ఎప్పుడో చిన్నప్పటి సంగతికి ఇప్పుడు కిటికీలు మూస్తారా? అత్తయ్య అలాంటి మనిషి కాదు. అమ్మ పోయాక పొలం నా పేరు మీదికి మారిన రోజు గుర్తుందా? నువ్వు ఏడ్చావు, నేను ఏడ్చాను, అత్తయ్య ఒక్క మాట అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పొలం మీ తాత నాటిది. మీకు రావలసిందని ఆమె మనసులో ఉందేమో. ఉంటే ఉందని చెప్పమను. నేను పరాయిదాన్ని కాదు.

మొదటి అతిథులు జూన్‌లో వస్తారు. మేకలు జాగ్రత్త.

మిరో

*

మన ఊరు,
జూన్ 18

మిరో,

మేక సంగతి ముందే చెబితే తిట్లు తగ్గుతాయని చెబుతున్నాను. రెండో డేరా తెరకు వేలాడే కుచ్చులు ఇప్పుడు లేవు. గోధుమరంగు మేక తినేసింది. దానికేమీ కాలేదు.

నీ మొదటి అతిథులు వచ్చారు. డెన్మార్క్ నుంచి మొగుడూ పెళ్ళాం, ఇద్దరూ పంతుళ్ళు. క్వారీలో ఇంగ్లీషువాళ్ళ దగ్గర ఏరుకున్న ముక్కలన్నీ పోగుచేసుకుని వెళ్ళి మాట కలిపాను. వాళ్ళ ఇంట్లో ఏడు గదులట. ఏడు గదులకు తాళం వేసి ఒక గుడ్డ కిందికి వచ్చారు. తొట్టి గురించి కూడా అడిగాను. సముద్రంలో ఉప్పు ఉంటుందన్నాడు. అదీ నిజమే.

ఇక మీ అత్తయ్య సంగతి. ఇది నాకు కొరుకుడు పడటంలేదు, నీకేమైనా తెలుస్తుందేమో చూడు. వాళ్ళు దిగిన మర్నాడు లేచి చూస్తే కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వంటింట్లో ట్రహానా ఉడుకుతోంది. జూన్ ఎండలో ట్రహానా ఎవరు తాగుతారే? చలికాలపు జావ అది. కుండకు తువ్వాలు చుట్టి పట్టుకుని, వెనక గేటు తీసి, నాకేసి చూసింది.

"ఏమయ్యా, బొమ్మలా నుంచుంటావేం? ఆ ఉన్ని దుప్పట్లు రెండూ పట్టుకుని రా."

"ఈ ఎండలో దుప్పట్లేమిటే?"

"రాత్రికి చలేస్తది. గుడ్డ ఆపుద్దా చలిని? నీకేం తెలుసు."

డేరాలో పడుకున్నది ఆమె, నేను కాదు. నోరు మూసుకుని మోశాను. పాపం ఆ డెన్మార్క్ వాళ్ళు చెమటలు కక్కుతూ కుండ ఖాళీ చేశారు, దుప్పట్లు గుండెలకు హత్తుకుని ఫొటో దిగారు. మొన్న శనివారం ఇంకా విడ్డూరం. చర్చిలో ఇచ్చిన ఆలివ్ ఆకులు నిప్పుల మీద వేసి, డేరా డేరాకూ దిష్టి తీస్తూ తిరిగింది. లోపల పెట్టిన పొగ గంట కుయ్యోమని మొత్తుకుంది. నాకే వినబడిందంటే చూసుకో. లెఫ్కియోస్ మంటలార్పే డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నీక్కూడా దిష్టి తగిలింది నాయనా, కాస్త ఆగు" అని వాడి మొహం చుట్టూ కూడా మూడుసార్లు తిప్పింది.

పొలం గురించి రాశావు. రాయకుండా ఉంటే బాగుండేది. ఆ మాట ఆమె చెవిన వెయ్యలేదు, వెయ్యను. ఆమె పెరట్లోకి ఎందుకు వెళ్ళిందో నాకూ తెలియదు. కానీ మీ అమ్మ చివరి రోజుల్లో దాని పక్కన కూర్చున్నదెవరో నాకు తెలుసు, నీకూ తెలుసు.

హంబీస్

*

నాక్సోస్,
జూలై 8

మామయ్యకు,

నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలు చదివి ఆ రోజు అన్నం తినలేదు. నువ్వన్నది నిజం. అయినా ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

ట్రహానా, దుప్పట్లు, దిష్టి, అంతవరకు బాగానే ఉంది. అతిథులకు సరదాగానే ఉంది. కానీ అత్తయ్య ఇంకో పని చేస్తోందట, అది నువ్వు రాయలేదు. రోజూ పొద్దున్నే గేటు దిగి వెళ్ళి డేరా డేరాకూ తిరిగి, "ఇంటికి ఎప్పుడు వెళ్తారు?" అని అడుగుతోందట. ఒకసారి చెబితే సరిపోదు, మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. లెఫ్కియోస్ వద్దని చెప్పి చూశాడట. జర్మనీ నుంచి వచ్చిన ఒకాయన నెట్‌లో ఏం రాశాడో తెలుసా? చోటు స్వర్గంలా ఉంది, కానీ పక్కింటి పెద్దావిడ మమ్మల్ని ఎప్పుడు పొమ్మందామా అని రోజులు లెక్కపెడుతోంది, అని. ఏథెన్స్ వాళ్ళు అది చదివి నన్ను నిలదీశారు. ఇలాగే ఉంటే సీజను అయ్యాక గుడారాలు ఎత్తేసి ఇంకో దీవికి పట్టుకుపోతామన్నారు. పట్టుకుపోతే నా గతేమిటి? నేను దాచుకున్నది ఆ చెక్క అరుగుల కింద, ఆ నీళ్ళ గొట్టాల్లో ఉంది. అది పెళ్ళగించి తెచ్చుకోలేనుగా.

ఇంటికొచ్చినవాళ్ళను ఎప్పుడు పోతారని మనవాళ్ళెవరైనా అడుగుతారా? శత్రువు గడప తొక్కినా కాఫీ పెట్టి కూర్చోబెట్టే ఊరు మనది. అత్తయ్యకు ఆ మర్యాద తెలియదనుకోను. తెలిసే అడుగుతోంది. వాళ్ళు పోవాలి, డేరాలు పోవాలి, పొలం పొలంలా ఉండాలి, అంతే కదా.

ఇది అడగడం నాకు కష్టంగా ఉంది. వెనక గేటుకు తాళం వెయ్యి మామయ్యా. సీజను అయ్యేదాకానే.

మిరోఫోరా

*

మన ఊరు,
జూలై 23

మిరోఫోరాకు,

తాళం వేశాను. మొదట అది చెప్పేస్తే నీకు నిద్ర పడుతుంది.

ముందు నాలుగు రోజులు వెయ్యలేదు. తాళం జేబులో పెట్టుకుని తిరిగాను. ఇటు నువ్వు, అటు ఆమె, నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి ఆమె చర్చికి వెళ్ళినప్పుడు దొంగలా వేశాను. తిరిగొచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నాకు వినబడనట్టు నటించేవాణ్ణి. ఆమె తాళాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి, "ఎవరేశారు?" అంది. "మేకల కోసం" అన్నాను. మేకలు ముందు వాకిట్లో ఉన్నాయి. ఆమె మేకల వైపు చూసింది, నా వైపు చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో వంట అవుతోంది గాని ఉప్పూ కారం ఉండటంలేదు. ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడుగుతోందో నేనూ ఆలోచించాను. అడగడం నాకు తెలుసు. నీకు రాయకపోవడం దాపరికం కాదు, ముసలివాళ్ళు ఎవరేం అడిగినా అడుగుతారు కదా అనుకున్నాను. ఇప్పుడు నువ్వు పొమ్మనడానికే అంటున్నావు. పొమ్మనేదైతే ఆమె ఎదురు ట్రహానా ఎందుకు పోస్తుంది? కుండలు కుండలు జావ పోసి ఎవరైనా వెళ్ళగొడతారా? నీ లెక్కా కుదరటంలేదు, నా లెక్కా కుదరటంలేదు.

ఇంకొకటి. ఆదివారాలు ఆమె మాయమవుతోంది. చర్చిలో ఆడవాళ్ళ వైపు చూస్తాను, మధ్యలోనే లేచి వెళ్ళిపోతోంది. పవిత్ర రొట్టె కూడా తీసుకోకుండా. ఇన్నేళ్ళలో ఆమె అలా లేచి వెళ్ళడం నేనెరుగను. ఎక్కడికి వెళ్ళావంటే "గాలికి" అంటుంది. నాకు అనుమానం లేదు గాని, వింతగా ఉంది.

కొట్టువాడు ఏనుగు చచ్చిపోయిందా అని అడిగాడు. ఇవాళ కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

హంబీస్

*

నాక్సోస్,
ఆగస్టు 6

మామయ్యా,

ఆదివారాలు అత్తయ్య ఎక్కడికి వెళ్తోందో నేను చెబుతాను. లెఫ్కియోస్ చూశాడు. మట్టిదారి వచ్చి తారురోడ్డులో కలిసే మలుపు దగ్గర నుంచుంటుందట. అతిథుల కార్లు వెళ్తుంటే కిటికీలోకి తొంగి తొంగి చూస్తుందట. గేటుకు తాళం వేస్తే ఇప్పుడు రోడ్డు మీద కాపలా. పక్కింటి పెద్దావిడ కోపంగా ఉందా అని ఒకమ్మాయి అడిగిందట.

ఏథెన్స్ వాళ్ళు ఈ నెలాఖరుకు తేల్చేస్తామన్నారు.

నాకు ఇప్పుడు కోపం లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే నా పక్కన నేల మీద పడుకున్న మనిషి ఆమె. ఆ మనిషికి నా మీద ఇంత కోపం ఎందుకు? నాకు తోచదు. నువ్వయినా అడుగు. కేకలెయ్యకుండా అడుగు. నీకు వినబడదు కాబట్టి అందరికీ వినబడదనుకుని అరుస్తావు.

మిరో

*

మన ఊరు,
ఆగస్టు 20

మిరో తల్లీ,

ఈ ఉత్తరం నిదానంగా చదువు. నేను నిన్నటినుంచి ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను.

నిన్న ఆదివారం ఆమె చర్చిలో లేవగానే నేనూ లేచాను. వెనకాలే వెళ్ళి మలుపు దగ్గర ద్రాక్షతోట గోడ చాటున నుంచున్నాను. ఈ వయసులో పెళ్ళాం వెనకాల నక్కి నడవాల్సి వచ్చింది, ఎవరితోనూ అనకు. ఆమె పైగుడ్డ అంచున తులసి రెమ్మలు మూటగట్టి తెచ్చింది. ఒక కారు వచ్చింది. మలుపు కదా, మెల్లగా తిప్పాడు. ఆమె వెనక సీటు వైపు చూసింది. పెట్టెలున్నాయి. ముందుకొంగి ఇంగ్లీషులో "ఇల్లు?" అంది. ఆమెకు ఇంగ్లీషులో వచ్చినవి రెండే మాటలు, ఎప్పుడు, ఇల్లు. నేనే నేర్పాను, ఎందుకో అప్పుడు అడగలేదు. కారులో అతను "ఇల్లే" అన్నాడు. అతని పెళ్ళాం చేతిలో తులసి రెమ్మ పెట్టింది. కారు కనిపించకుండా పోయేదాకా చెయ్యి ఊపింది. తర్వాత ఇంకో కారు. దానికీ అంతే. ఆమె మొహం చూశాను. మా పెద్దాడి పెళ్ళి రోజున కూడా ఆ మొహం అలా లేదు.

గోడ చాటు నుంచి బయటికొచ్చాను.

"ఇక్కడ నుంచుని ఏం చేస్తున్నావే?"

"చూస్తన్నా."

"ఏం చూస్తున్నావు?"

"వెళ్ళడం."

చెవులు సరిగ్గానే విన్నాయి, బుర్రకే అందలేదు. నేను అరవకపోవడం చూసి ఆమె గోడ మీద కూర్చుంది. చెప్పింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"డేరాలో ఉన్నోళ్ళు ఫలానా రోజు ఇంటికెళ్తాం అంటారయ్యా. ఆ రోజొస్తది. పెట్టె సర్దుకుంటారు. వెళ్తారు. నువ్వెప్పుడన్నా చూశావా అలాంటిది? నేను చూళ్ళా. మమ్మల్ని అందరూ అడిగేవోళ్ళు, ఇంటికెప్పుడెళ్తారమ్మా అని. క్రిస్మస్‌కి అనేవోడు మా నాన్న. తర్వాత ఈస్టర్‌కి అన్నాడు. తర్వాత జనం అడగడం మానేశారు, ఆయన చెప్పడం మానేశాడు. వీళ్ళనడిగితే ఆదివారం అంటారు. మర్నాడు మళ్ళీ అడిగినా ఆదివారమే. ఆ మాట వినడానికే అడుగుతా. రోజూ వినాలనిపిస్తది."

"మరి పొమ్మంటున్నావని అనుకుంటున్నారే వాళ్ళు" అన్నాను.

"పొమ్మని ఎందుకంటాను? నిజంగా వెళ్తారా లేదా అని నా భయం."

మిరో, నలభై ఏళ్ళు దాటింది మాకు పెళ్ళయి. నేను ఆమె పక్కనే పడుకున్నాను, ఇది తెలియకుండా పడుకున్నాను. రోడ్డు మీదే ఏడ్చాను. మీ అత్తయ్య తన పైగుడ్డతో నా మొహం తుడిచి "ఎవరన్నా చూస్తారు, లే" అంది.

ఇంకొకటి కూడా నీకు తెలియదనుకుంటాను. మీ అమ్మ చెప్పి ఉంటుందని ఇన్నాళ్ళూ నేను చెప్పలేదు. ఆ యేడు వాళ్ళ డేరాలు ఎక్కడ వేశారనుకున్నావు? ఆ పొలంలోనే. ఆ కారబ్ చెట్ల కిందే. మా నాన్న చోటిచ్చాడు. ఇంట్లో ట్రహానా వండితే మీ అమ్మ ఎలెంగూ కుండ పట్టుకుని ముందు నడిచేది, పద్నాలుగేళ్ళ పిల్ల. వెనకాల దుప్పట్లు మోసింది నేను. అలా మోసుకుంటూ వెళ్ళినప్పుడే మీ అత్తయ్యను చూశాను. ఆమె మా ఇంటికి కోడలిగా గేటు ఎక్కి వచ్చిందే గాని, మళ్ళీ ఆ గేటు దిగి పొలంలోకి వెళ్ళలేదు. కారబ్ కాయలు కొట్టడానికి కూడా రాలేదు. పొలం నీ పేరు మీద రాసినప్పుడు మాట్లాడలేదంటే, అది ఎవరికి పోయినా ఆమె కాలు పెట్టేది కాదు కాబట్టి. నువ్వు డేరాలు వేశాకే దిగింది.

తాళం తీసేశాను. సముద్రంలో విసిరేశానని రాస్తే బాగుంటుంది గాని, మంచి తాళం. మేకల దొడ్డికి వేశాను.

మీ మామయ్య
హంబీస్

*

నాక్సోస్,
సెప్టెంబరు 2

క్రిస్తల్లా అత్తయ్యకు,

మామయ్య ఉత్తరం వచ్చింది. ఈ ఉత్తరం నీకే. మామయ్యను చదవనివ్వకు, తనకిష్టమైనట్టు మార్చి చదువుతాడు.

గేటుకు తాళం వెయ్యమన్నది నేను. మేకల కోసం కాదు. పొలం మీద నీకు ఆశ ఉందనుకున్నాను. ఈ రెండూ నేనే చెప్పాలని రాస్తున్నాను. సిగ్గుగా ఉంది.

నిన్న ఇక్కడ ఓడ రేవుకు వెళ్ళాను. ఇన్నేళ్ళలో అతిథులు వెళ్ళిపోవడం నేనెప్పుడూ నుంచుని చూడలేదు. వాళ్ళు వెళ్ళారంటే నాకు దుప్పట్లు ఉతికించాలి, తివాచీలు దులిపించాలి, అంతే గుర్తొచ్చేది. నిన్న చూశాను. పిల్లలు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. ఒకతను ఫోన్‌లో ఎవరికో, రాత్రికల్లా ఇంట్లో ఉంటాం, కుక్కకు అన్నం పెట్టు, అంటున్నాడు. మామూలు మాట. ఓడ కదిలాక వాళ్ళకు చెయ్యి ఊపి వచ్చాను.

ఏథెన్స్ వాళ్ళతో మాట్లాడాను. గేటు తెరిచే ఉంటుంది, మా అత్తయ్య అడిగేది అడుగుతుంది, ఎందుకు అడుగుతుందో వచ్చినవాళ్ళకు లెఫ్కియోస్ ముందే చెబుతాడు, అది మీకు కుదరకపోతే మీ గుడారాలు మీరు తీసుకుపొండి అన్నాను. సీజను చివర్లో చెబుతామన్నారు.

వాళ్ళు చెప్పే ముందు నువ్వు చెప్పు. ఆ పొలంలో మళ్ళీ డేరాలు ఉండాలా, వద్దా? తెలియక వేశాను. తెలిసి ఉంటే వేసేదాన్ని కాదు. నువ్వు వద్దంటే వచ్చే ఏడు కారబ్ చెట్లే ఉంటాయి. అప్పుడు నేనిక్కడే ఉండిపోవాలి, అది వేరే సంగతి. అది చూసి చెప్పకు.

నీ మిరో

*

మన ఊరు,
అక్టోబరు 31

మిరోకు మీ అత్తయ్య రాసేది.

జవాబుకు ఆలస్యమైంది. నాకు రాయడం అలవాటు లేదు. మీ మామయ్య రాసిపెడతానన్నాడు గాని, ఆయనకిస్తే మేకల సంగతే రాస్తాడు. పైగా చివరి వాళ్ళు వెళ్ళేదాకా చూసి రాద్దామనుకున్నాను. నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు తెలుస్తుందనిపించింది.

తాళం సంగతి నాకు ఆ రోజే తెలుసు. మీ మామయ్యకు అబద్ధం చెప్పడం రాదు. మేకలన్నీ ఆయన వెనకాలే నుంచున్నాయి. నీ మీద నాకేం లేదు. నీ డబ్బు అందులో ఉంది, భయం ఉంటుంది.

సెప్టెంబరు చివర మబ్బు పట్టింది. డేరాల చుట్టూ కాలవ తవ్వాను. మేమున్నప్పుడు మా నాన్న తవ్వేవాడు, లేకపోతే నీళ్ళు పరుపుల కిందికొచ్చేవి. లెఫ్కియోస్ తలబాదుకున్నాడు. ఇవి చెక్క అరుగుల మీదున్నాయి పెద్దమ్మా, వాగొచ్చినా తడవవు అన్నాడు. అంటూనే కాలవలో పడి కాలు మెలిక పెట్టుకున్నాడు. చూసుకుని నడవాలి మరి. మా ఇంట్లోనే పడుకోబెట్టి కాలుకు కట్టు కట్టాను. ఇప్పుడు నడుస్తున్నాడు. మంచి పిల్లాడు, పెళ్ళి కాలేదట. ఊరికే చెప్తున్నా.

ఇప్పుడు వచ్చేవాళ్ళు నేనడగకముందే రోజు చెప్తున్నారు. గేటు దిగుతుంటేనే దూరం నుంచి ఆదివారం, ఆదివారం అని అరుస్తారు. డెన్మార్క్ పంతుళ్ళు దుప్పట్ల ఫొటో నెట్‌లో పెట్టారంట, ఏథెన్స్ వాళ్ళు ఇప్పుడు నా ఫొటో కావాలన్నారంట, ప్రకటన కాగితం మీద వెయ్యడానికి. ఇవ్వనన్నాను. డేరాలు మాత్రం ఉంచుతారంట, లెఫ్కియోస్ చెప్పాడు.

చివర వచ్చినవాళ్ళు మొగుడూ పెళ్ళాం, నా ఈడువాళ్ళే, హాలండు నుంచి. మొన్న ఆదివారం వెళ్తామన్నారు. మలుపు దగ్గరకి తులసి పట్టుకెళ్ళాను. రాలేదు. చాలాసేపు చూశాను. మధ్యాహ్నం దాటింది. రాలేదు. ఇక ఆగలేకపోయాను తల్లీ, అబద్ధం ఎందుకు. డేరా దగ్గరకి వెళ్తే కూర్చుని కాఫీ తాగుతున్నారు. విమానాలు ఆగిపోయినయ్యంట, మంగళవారం అన్నారు. మంగళవారమేనా అన్నాను. మంగళవారమే అన్నారు. ఆ రెండు రోజులూ నేను తినలేదు. మీ మామయ్య కూడా తినలేదు, నా కోసం తినలేదంటాడు గాని అప్పుడు కొట్టుకెళ్ళి తినొచ్చాడని నాకు తెలుసు.

నిన్న మంగళవారం. వెళ్ళారు. ఆవిడ కారు ఆపి దిగి నన్ను పట్టుకుంది. ఇంటికెళ్ళగానే ఉత్తరం రాస్తానంది.

మధ్యాహ్నం వాన వచ్చింది. లెఫ్కియోస్ పరుపులు సర్దుతుంటే నేనొక డేరాలోకి వెళ్ళి కూర్చున్నాను. గుడ్డ మీద వాన చప్పుడు అదే, ఏం మారలేదు. కాళ్ళు మాత్రం తడవలేదు. కాసేపు కూర్చుని, లేచి, గేటెక్కి ఇంటికొచ్చాను. ఎక్కి వచ్చేటప్పుడు మీ అమ్మ గుర్తొచ్చింది, కుండ పట్టుకుని ముందు నడిచేది.

డేరాలు ఉండనీ. వచ్చే ఏడూ వెయ్యి. వచ్చేవాళ్ళను వెళ్ళే రోజు మాత్రం ముందే అడిగి పెట్టుకో.

ఇప్పుడు పొలంలో ఎవరూ లేరు. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. నీ గది దులిపించాను. నువ్వెప్పుడొస్తావు ఇంటికి? రోజు చెప్పు.

మీ అత్తయ్య
క్రిస్తల్లా